మోకాలి మార్కులు

ఆ సోమవారం ఉదయం కూతురు వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మ ఇంట్లో మాట్లాడే యంత్రం పెట్టించాలి, అది పనిచేస్తోందో లేదో చూడాలి, ఎనిమిదిలోపు ఆఫీసులో ఉండాలి. ఇంత చిన్న పథకం చెడిపోవాలంటే మామూలు ఇళ్ళలో వరదో భూకంపమో రావాలి. ఈ ఇంట్లో అవేమీ అక్కర్లేదు. ఆవిడ తల్లి ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచరు.

కూతురు నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదులు వినే ఉద్యోగం చేస్తుంది. నీళ్ళు రాకపోతే రాలేదని, వస్తే మురికిగా వచ్చాయని పొద్దస్తమానం జనం ఫోన్లో తిడతారు. సాయంత్రానికి ఆవిడ చెవులు వాచిపోతాయి. అయినా ఇంటికి బయల్దేరే ముందు తల్లికి ఫోన్ చేసి, "మోకాలి నొప్పి ఎలా ఉందమ్మా?" అని అడుగుతుంది. "నాకేం, బాగానే ఉన్నా" అంటుంది టీచరు. ఆ జవాబుకు ఇంట్లో ఎవరూ విలువ ఇవ్వరు. వెనకటికి నూట మూడు జ్వరంతో పరీక్ష పేపర్లు దిద్దుతూ ఆవిడ అదే మాట అంది. కుడిచేతి వేలు విరిగి, ఎడమచేత్తో బోర్డు మీద త్రిభుజాలు గీస్తూ కూడా అదే మాట అంది.

ఎముకల డాక్టరు మోకాలు నొక్కి చూసి అసలు సంగతి చెప్పేశాడు. టీచరు ఉండేది రెండో అంతస్తు. లిఫ్టు లేదు. ముప్ఫై ఎనిమిది మెట్లు. "ఒక నెల చూద్దాం. రోజూ మోకాలు ఎలా ఉందో రాసిపెట్టండి. రిపోర్టు బాగుంటే అక్కడే ఉండనివ్వండి. లేదంటే మెట్లు లేని ఇంటికి మార్చేయండి" అన్నాడు. మెట్లు లేని ఇల్లంటే కూతురి ఇల్లే. ఆ ఇంట్లో ముందు గది ఒకటి ఖాళీగా ఉంది. ఖాళీ అంటే, అల్లుడు ఒళ్ళు తగ్గించుకోవడానికి కొన్న సైకిలు మీద తడిబట్టలు ఆరేసుకునే గది.

టీచరుకు ఆ గదిలోకి మారడం బొత్తిగా ఇష్టం లేదు. ఆవిడ వంటగది కిటికీలోంచి చూస్తే ఆవిడ పనిచేసిన స్కూలు కనబడుతుంది. మొదటి గంట కొట్టాక కాఫీ తాగుతుంది, ఇంటర్వెల్ గంటకు బట్టలు ఆరేస్తుంది, ఆఖరి గంటకు కాసేపు నడుం వాలుస్తుంది. ఆలస్యంగా గేటు దూకి వచ్చేవాళ్ళను కిటికీలోంచే తిడుతుంది. వాళ్ళకు వినబడదు, అయినా తిడుతుంది. భర్త పోయాక ఆవిడ రోజుకు ఇంకా ఒక ఆకారం ఉందంటే ఆ గంట వల్లే. కూతురింట్లో ఆ గంట వినబడదు. ఈ మాట ఎవరితోనైనా చెబితే చాదస్తం అంటారని ఎవరితోనూ చెప్పలేదు.

అల్లుడు యంత్రాన్ని తెచ్చి అలమార మీద పెట్టాడు. పౌడరు డబ్బా అంత ఉంది. దాంతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని చదవకుండానే జేబులో పెట్టుకున్నాడు. వస్తువుతో వచ్చిన పుస్తకం చదివితే తెలివి తక్కువైపోతుందనుకునే మగవాళ్ళలో ఆయన ఒకడు.

"అత్తయ్యగారూ, ఇది రోజూ పొద్దున ఎనిమిదింటికి మీ మోకాలి సంగతి అడుగుతుంది. పదికి ఎంతో మీరు చెప్పండి చాలు. ఏం చెయ్యాలో అదే చెబుతుంది. మీకు తోచకపోతే కబుర్లు కూడా చెబుతుంది."

"పదికా?"

"పదికేనండి."

"సగాలు వెయ్యొచ్చా?"

"వెయ్యొచ్చు. నెలాఖరుకు రిపోర్టు డాక్టరుగారికి వెళ్తుంది. రిపోర్టు బాగుంటే మీరు హాయిగా ఇక్కడే ఉండొచ్చు."

ఎవరికీ ఏమీ అనిపించలేదు గానీ, ఈ కథంతా ఇక్కడే పాడైంది. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల పేపర్లు దిద్దిన మనిషి దగ్గరకు వెళ్ళి, దేనికి వెయ్యాలో చెప్పకుండా, పదికి ఎంతో వెయ్యమంటే ఆవిడ ఏం వేస్తుంది? మార్కులు వేస్తుంది. మోకాలు బాగా ఉంటే ఎక్కువ, బాగాలేకపోతే తక్కువ. ఆ డబ్బా అడుగుతున్నది నొప్పి ఎంత అని. అంటే సున్న అయితే నొప్పి లేనట్టు, పది అయితే ప్రాణం పోతున్నట్టు. అది మొదటి పేజీలోనే అచ్చువేసి ఉంది. మొదటి పేజీ అల్లుడి జేబులో ఉంది.

మర్నాడు పొద్దున టీచరు మంచం దిగి స్నానాలగది దాకా గోడ పట్టుకుని వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పటికి ఎనిమిదైంది.

"నమస్కారం. ఈ రోజు మీ మోకాలికి పదికి ఎంత?" అంది డబ్బా.

"ఒకటి. అదీ కనికరించి వేస్తున్నా."

"ఒకటి. చాలా సంతోషం. ఈ రోజు మీరు పావుగంట నడవవచ్చు. రెండుసార్లు మెట్లు దిగి ఎక్కవచ్చు."

టీచరుకు ఈ పద్ధతి నచ్చింది. ఒకటి తెచ్చుకున్నవాణ్ణి తిట్టకుండా ముందు ఒక మంచి మాట చెప్పడం, ఆ తర్వాత రెట్టింపు పని ఇవ్వడం. వెనకబడ్డ పిల్లలతో ఆవిడ చేసిందీ అదే. డబ్బాను ఎవరో అనుభవం ఉన్నవాళ్ళే తయారు చేశారనుకుంది. పళ్ళు బిగించి మెట్లు దిగింది. మళ్ళీ ఎక్కింది. మళ్ళీ దిగింది. రెండోసారి ఎక్కేటప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

కింద మెట్ల పక్క గదిలో బట్టలు కుట్టే దర్జీ ఆవిడ మిషను ఆపి తొంగి చూసింది. "టీచరుగారూ, అంత నొప్పితో ఎందుకండీ ఈ తిరుగుడు?"

"ఒకటి వచ్చింది. పని చెయ్యక తప్పుతుందా?" అంది టీచరు.

దర్జీ ఆవిడకు ముక్క కూడా అర్థం కాలేదు. చదువుకున్నవాళ్ళ మాటలు ఇలాగే ఉంటాయని మళ్ళీ మిషను తొక్కుకుంది.

మధ్యాహ్నం డబ్బా, "మీతో కాసేపు మాట్లాడనా?" అని అడిగింది. టీచరు దాని చేత పదమూడో ఎక్కం చెప్పించింది. తర్వాత పదిహేడు, పంతొమ్మిది. ఎక్కడా ఆగకుండా, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. ముప్ఫై నాలుగేళ్ళలో ఆవిడ అలాంటి వాణ్ణి చూడలేదు. అనుమానం వచ్చింది.

"చూసి చెబుతున్నావా?"

"క్షమించండి. నాకు అర్థం కాలేదు."

"అర్థం కాకుండా బట్టీ పట్టావన్నమాట. సరే, రేపు ఎందుకు అంతైందో చెప్పాలి."

అక్కడ కూతురి ఫోన్లో పచ్చటి గుండ్రం వచ్చింది. అందులో 'నొప్పి ఒకటి' అని ఉంది. కూతురి గుండెల మీంచి బరువు దిగింది. మర్నాడు ఒకటిన్నర. ఆ తర్వాత ఒకటి. తర్వాత రెండు. మనిషి అబద్ధం చెప్పినా యంత్రం చెప్పదు కదా అనుకుంది. సాయంత్రం ఫోన్ చేసి 'బాగానే ఉన్నా' అనిపించుకోవడం దండగని ఫోన్ మానేసింది. ఆదివారం వెళ్ళాలి గానీ పచ్చ గుండ్రమే ఉంది కదా అని బట్టలు ఉతుక్కుంది. తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. పదకొండు రోజులు ఆ ఇంటి మెట్లెక్కలేదు. సరిగ్గా ఆ పదకొండు రోజులూ టీచరు చాలాసార్లు రెయిలింగు పట్టుకుని, మెట్టుకో నిమిషం నిలబడి ఊపిరి పీల్చుకుంది.

కానీ మోకాలికి కూడా ఒక ఓపిక ఉంటుంది. ఎంత మొండికేసినా ఈవిడ వదిలేలా లేదని తెలుసుకున్నట్టుంది. పన్నెండో రోజు నుంచి మెత్తబడటం మొదలుపెట్టింది. నాలుగు. అయిదున్నర. ఆరున్నర. ఏడు దాటేదాకా ఫోన్లో గుండ్రం పచ్చగానే ఉంటుంది కాబట్టి కూతురు ఇంకా రాలేదు. పదహారో రోజున టీచరు గోడ పట్టుకోకుండా వంటింట్లోకి వెళ్ళి, మొదటి గంటకు ముందే కాఫీ పెట్టుకుని, డబ్బా వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

"ఎనిమిది."

"ఎనిమిది. నమోదు చేశాను. ఈ రోజు పూర్తిగా విశ్రాంతి తీసుకోండి. మీ వాళ్ళకు ఇప్పుడే తెలియజేస్తున్నాను."

టీచరు తృప్తిగా నవ్వుకుంది. మంచి మార్కులు వస్తే ఆ రోజు సెలవివ్వడం, ఇంటికి కబురు పంపడం, ఏ స్కూల్లోనైనా ఇంతకన్నా ఏం చేస్తారు. అయితే బాగా చదివే పిల్లలు సెలవిచ్చినా చదువు మానరు కాబట్టి, సంచి తీసుకుని బ్రెడ్డు కొనడానికి బయల్దేరింది.

కూతురు ఆ సమయంలో ఫోన్లో ఒక పెద్దమనిషి చేత తిట్లు తింటోంది. వాళ్ళ వీధిలో మూడు రోజులుగా నీళ్ళు లేవు. ఎదురుగా సెల్ ఫోన్ మీద ఎర్రటి గుండ్రం వెలిగింది. 'నొప్పి ఎనిమిది. వెంటనే వెళ్ళి చూడండి.' కూతురు గబగబా, "రేపు పొద్దున ఏడింటికి వస్తాయండీ, ఖాయంగా వస్తాయి" అని ఫోన్ పెట్టేసి పరుగెత్తింది. నీళ్ళు ఎప్పుడొస్తాయో చెప్పే అధికారం ఆ ఆఫీసులో ఆవిడకే కాదు, ఎవరికీ లేదు.

తలుపుకు తాళం ఉంది. అమ్మ మెట్లు దిగలేని స్థితిలో ఉందని మెసేజ్ వస్తే, తలుపుకు బయట తాళం ఎలా ఉంటుందో ఆలోచించే ఓపిక కూతురికి లేదు. తలుపు దబదబా బాదింది. "అమ్మా, పలకవే" అంటూ గొంతు పోయేలా పిలిచింది. దర్జీ ఆవిడ కత్తెర పట్టుకుని పైకి వచ్చింది. ఇద్దరూ కలిసి గొళ్ళెం మరలు కత్తెరతో ఊడదీస్తుండగా వెనకనుంచి గొంతు వినబడింది.

"ఎవరే అది, నా తలుపు పీకుతోంది?"

టీచరు బ్రెడ్డు సంచితో ముప్ఫై ఎనిమిదో మెట్టు మీద నిలబడి ఉంది.

"ఎనిమిది పెట్టుకుని మెట్లెక్కుతున్నావా అమ్మా?" అంది కూతురు.

"ఎనిమిది వచ్చింది కాబట్టే ఎక్కుతున్నా. ఒకటి వచ్చినప్పుడు ఏడుస్తూ ఎక్కా."

"నీకు పరాచికాలుగా ఉందా?"

"పరాచికమేంటే. రేపు తొమ్మిది తెప్పిస్తా, చూడు. గట్టిగా కష్టపడితే వారంలో పది."

కూతురు మెట్ల మీదే కూలబడింది. వేలు విరిగినా నవ్వుతూ త్రిభుజాలు గీసిన మనిషి మరి. కానీ నొప్పి పదికి తెచ్చుకుంటానని పందెం కట్టడం మొండితనం కాదు, ఇంకేదో అయింది. అక్కణ్ణుంచే భర్తకు ఫోన్ చేసి గుసగుసగా చెప్పింది. "ఏమండీ, అమ్మ మాటలు తేడాగా ఉన్నాయి. మోకాలు ఒక్కటే కాదు. బుర్రకూడా చూపించాలి."

మర్నాడు తొమ్మిది వచ్చింది. అదే రోజు పొద్దున ఏడింటికి ఒక వీధి జనమంతా బిందెలు పట్టుకుని కుళాయి చుట్టూ నిలబడ్డారు. పదింటికి ఆ బిందెలతోనే ఆఫీసుకు వచ్చారు. నీళ్ళు వస్తాయని మాట ఇచ్చింది ఎవరని పైఅధికారి అడిగితే, ఫిర్యాదుల విభాగం మొత్తం ఒక ఖాళీ కుర్చీ వైపు చూసింది. ఆ కుర్చీ మనిషి అప్పుడు తల్లిని తీసుకుని జ్ఞాపకశక్తి డాక్టరు దగ్గర కూర్చుని ఉంది.

ఆ డాక్టరు చాలా మర్యాదగా, చిన్నపిల్లతో మాట్లాడినట్టు మాట్లాడాడు. "అమ్మా, వందలోంచి ఏడు తీసెయ్యండి. వచ్చినదాంట్లోంచి మళ్ళీ ఏడు. అలా పోతూ ఉండండి."

టీచరు ఆయన్ని ఒకసారి ఎగాదిగా చూసింది. "తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది" అంటూ మొదలుపెట్టి ఊపిరి తిప్పుకోకుండా తొమ్మిది, రెండు దాకా వచ్చింది. "తర్వాత మైనస్ అయిదు, మైనస్ పన్నెండు. ఎంతదాకా పొమ్మంటారు? సాయంత్రం దాకా పోగలను."

"ఇక చాలమ్మా." డాక్టరు తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"మీరు అక్కడ యాభై ఎనిమిది తర్వాత యాభై రెండు రాసుకున్నారు. యాభై ఒకటి ఉండాలి."

డాక్టరు కొట్టేసి దిద్దుకున్నాడు. మతిమరుపు ఏమీ లేదని రాసిచ్చాడు. కూతురికి దీంతో ఇంకా భయం వేసింది. బుర్ర బాగానే ఉందంటే నొప్పి నిజమేనన్నమాట. ఎముకల డాక్టరుకు ఫోన్ చేస్తే గట్టి మాత్రలు రాసిచ్చాడు. టీచరు అవి తీసుకుని సుద్దముక్కల డబ్బాలో పడేసింది. ర్యాంకు వచ్చినవాళ్ళకు బహుమతి ఇవ్వాలి గానీ బిళ్ళలేంటని దర్జీ ఆవిడ దగ్గర విసుక్కుంది.

ఇరవై రెండో రోజున పది వచ్చింది. టీచరు ఆ అంకెను ఊరికే ఇవ్వలేదు. పదికి పది ఆవిడ సర్వీసు మొత్తంలో ముగ్గురికే ఇచ్చింది. ఆ రోజు ముప్ఫై ఎనిమిది మెట్లూ రెయిలింగు ముట్టుకోకుండా ఎక్కి, పైన నిలబడి కిటికీలోంచి స్కూలును చూసింది. నెలాఖరు దాకా అదే పది నిలబెట్టింది. ఇల్లు నిలబెట్టుకున్నానని ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు.

నెలాఖరు రోజు పొద్దున కూతురు సెలవు పెట్టి వచ్చింది. అసలు సెలవులన్నీ అయిపోయి, జీతం కోత సెలవు పెట్టి వచ్చింది. వెంట ఒక వ్యాను, ఇద్దరు సామాను మోసేవాళ్ళు, పొడవాటి కర్రలు కట్టిన ఒక కుర్చీ.

"ఏంటిది?" అంది టీచరు.

"రిపోర్టు చూశావా అమ్మా? ఇక ఇక్కడ ఉండటం కుదరదు. సామాను ఇంటికి పోతుంది, మనం దారిలో డాక్టరుగారిని కలిసి వెళ్తాం. మెట్లు మాత్రం నువ్వు దిగొద్దు, వీళ్ళు దింపుతారు."

టీచరు చాలాసేపు కూతురి మొహం చూసింది. ఇది ఆవిడ ఎదురుచూసిన మాట కాదు. "పదికి పది తెచ్చుకున్నదాన్ని బళ్ళోంచి తీసేస్తారా?"

"అమ్మా, దయచేసి మళ్ళీ మొదలుపెట్టకు. నా ప్రాణం తోడెయ్యకు."

టీచరుకు అప్పుడు ఒకటే అర్థమైంది. వీళ్ళు ముందే నిర్ణయించుకున్నారు. పరీక్ష ఊరికే పెట్టారు. ఫలితం ఏదైనా పంపించేసేవాళ్ళే. ముప్ఫై నాలుగేళ్ళలో ఆవిడ ఏ పిల్లకూ చేయని అన్యాయం ఇది. నోరు తెరిస్తే ఏడుపు వస్తుందని నోరు తెరవలేదు. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. మోసేవాళ్ళు లేపారు.

ముప్ఫై ఎనిమిది మెట్లు, మూడు మలుపులు. ప్రతి మలుపులోనూ కుర్చీ ఇరుక్కుంది. ప్రతిసారీ టీచరు దిగి, కుర్చీని పక్కకు తిప్పి సర్ది, మళ్ళీ ఎక్కి కూర్చుంది. ఇది చూస్తూ కూడా కూతురికి ఏమీ తట్టలేదు. మనిషికి ఒకసారి భయం పట్టుకుంటే కళ్ళు కూడా దాని మాటే వింటాయి. కింద దర్జీ ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. స్కూల్లో ఇంటర్వెల్ గంట కొట్టింది. టీచరు అటు తిరగలేదు.

ఎముకల డాక్టరు రిపోర్టు కాగితాన్ని వెలుగులో పెట్టి చూశాడు. అల్లుడు కూడా ఆఫీసు నుంచి అక్కడికే వచ్చాడు. "నాకు ఆశ్చర్యంగా ఉంది. మొదటి పదకొండు రోజులు అద్భుతంగా ఉన్నారు. ఒకటి, ఒకటిన్నర, ఒకటి, రెండు. తర్వాత ఇలా దిగజారిపోయిందేంటి? పడ్డారా?"

టీచరు ఇంటినుంచి మాట్లాడనే లేదు. ఇప్పుడు మెల్లగా తలెత్తింది. "ఏ పదకొండు రోజులు అద్భుతం?"

"మొదటివి. ఒకటే కదా."

"ఒకటి అద్భుతమా? పదికి ఒకటి అద్భుతమా? మిమ్మల్ని ఏ బళ్ళో పాస్ చేశారండీ?"

"అమ్మా, నొప్పి ఒకటంటే తక్కువే కదా."

"నొప్పికి ఎవరు వేశారు? నేను మోకాలికి వేశా."

డాక్టరు కాగితాన్ని తిరగేసి పట్టుకుని చూశాడు. మళ్ళీ మామూలుగా పట్టుకున్నాడు. తర్వాత లేచి వచ్చి, "ఒక్కసారి మోకాలు మడవండి" అన్నాడు. టీచరు మడిచింది. చాపమంటే చాపింది. గుంజిళ్ళు తియ్యమని ఆయన అనలేదు, అయినా ఆవిడ మూడు తీసింది.

"ఈవిడకు నొప్పి లేదు" అన్నాడు డాక్టరు. "ఉన్నప్పుడేమో రోజూ మెట్లెక్కారు. అదృష్టం బాగుండి మేలు చేసింది గానీ, ఇంకొకరైతే మంచం పట్టేవాళ్ళు. అసలు సున్న అంటే ఏంటో, పది అంటే ఏంటో ఈవిడకు ఎవరూ చెప్పలేదా?"

అల్లుడు జేబులో చెయ్యి పెట్టాడు. పుస్తకం ఇంకా అక్కడే ఉంది. ఒకసారి చొక్కాతోపాటు ఉతుకులో కూడా పడినట్టుంది. మొదటి పేజీ మాత్రం చక్కగా చదవడానికి వచ్చింది. భార్య ఆయన వైపు చూసిన చూపు గురించి నేను రాయను. వాళ్ళ సంసారం వాళ్ళిష్టం.

తర్వాత ఆవిడ చూపు రిపోర్టు కాగితం మీద పడింది. మొదటి పదకొండు రోజులు. తాను ఫోన్ మానేసిన రోజులు, బట్టలు ఉతుక్కున్న ఆదివారం. ఒకటి, ఒకటిన్నర, ఒకటి, రెండు. తేదీలన్నీ వరసగా ఉన్నాయి. వాటి పక్కన ఒక్కో పచ్చ గుండ్రం ఉంది.

"అంటే ఈ రోజుల్లో నీకు..." అని ఆగిపోయింది. "ఒక్క ఫోన్ చెయ్యలేకపోయావా అమ్మా? నొప్పి భరించలేకపోతున్నానని ఒక్క మాట."

"ఒకటి వచ్చిందని ఎవరైనా ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుంటారటే?" అంది టీచరు.

కూతురు ఏడ్చేసింది. నీళ్ళ ఆఫీసులో పదేళ్ళుగా ఎంతమంది తిట్టినా ఏడవని మనిషి, డాక్టరు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. టీచరు ఆవిడ వీపు తట్టింది. ఓదార్చడం పెద్దగా అలవాటు లేదు కాబట్టి, "సరేలే, ఈసారికి పాస్ చేస్తున్నా" అంది.

సామాను అప్పటికే కూతురింటి గుమ్మంలో దిగిపోయింది. మళ్ళీ వ్యానెక్కింది. మోసేవాళ్ళిద్దరూ ముప్ఫై ఎనిమిది మెట్లూ బీరువాతో ఒకసారి, మంచంతో ఒకసారి, నల్లబల్లతో ఒకసారి ఎక్కారు. టీచరు వాళ్ళకు ముందుగా చెయ్యి ఊపుకుంటూ ఎక్కింది. ఆఖరున ఖాళీ కుర్చీ మోసుకొచ్చినవాడు మలుపులో ఆగి, మోకాలు పట్టుకుని, "తల్లీ, మీకు బాగాలేదని చెప్పిందెవరు?" అని అడిగాడు. ఆఖరి గంట కొట్టేటప్పటికి మంచం తన చోట ఉంది, టీచరు మంచం మీద ఉంది.

మర్నాడు అల్లుడు పెద్ద అక్షరాలతో కాగితం రాసి డబ్బా పైన గోడకు అంటించాడు. సున్న అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనిది. సున్న తెచ్చుకోవడం గొప్ప అనే పద్ధతి తాను ఎక్కడా చూడలేదని టీచరు గొణిగింది. అయినా ఒప్పుకుంది. కూతురు మొదటి వారం రోజూ సాయంత్రం వచ్చింది. తల్లితో కాఫీ తాగి, ఆఫీసులో పడ్డ తిట్లు చెప్పి, డబ్బా చేత పంతొమ్మిదో ఎక్కం విని నవ్వి వెళ్ళేది. టీచరు ఆఖరి గంట కొట్టగానే రెండో కప్పు కడిగి పెట్టేది.

తర్వాత ఎండలు ముదిరాయి. నీళ్ళ ఫిర్యాదులు రెట్టింపయ్యాయి. సున్న వెయ్యడానికి టీచరుకు నోరు రాదు కాబట్టి ఫోన్లో రోజూ 'నొప్పి రెండు' అని పచ్చ గుండ్రం వస్తూనే ఉంది. ఒక రోజు వెళ్ళలేకపోయింది. రేపు వెళ్దామనుకుంది. రేపు కూడా అదే అనుకుంది.

అయిదో రోజు పొద్దున ఎనిమిది దాటి రెండు నిమిషాలకు ఎర్ర గుండ్రం వెలిగింది. నొప్పి ఎనిమిది. కూతురు ఈసారి ఎవరికీ నీళ్ళు వాగ్దానం చెయ్యకుండా, ఫోన్ పక్కసీటు ఆవిడ చేతిలో పెట్టి పరుగెత్తింది. ఒక్కో అంగలో రెండేసి మెట్లు ఎక్కింది. తలుపు తీసే ఉంది. టీచరు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంది. బల్ల మీద రెండు కప్పుల్లో కాఫీ పొగలు కక్కుతోంది.

"ఎనిమిదన్నావు?" అంది కూతురు ఆయాసపడుతూ. "కాగితం చూసే చెప్పావా అసలు?"

"చూసే చెప్పా. మోకాలి నొప్పి రెండు. నువ్వు రాక నాలుగు రోజులు, రోజుకు ఒకటిన్నర చొప్పున ఆరు. మొత్తం ఎనిమిది. కూర్చో, చల్లారిపోతుంది."

కూతురు గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా నిలబడి లెక్క వేసి చూసింది. ఎక్కడా తప్పు దొరకలేదు.